ముందు చక్రముల గరగర



క్రిందటి నెలలో ఒక సోదరి నాకు జాబు వ్రాసిరి. వారిది చిన్న కారు, కొని యేడేండ్లయినదట. పిల్లలను బడికి దింపుటకును, అత్తగారిని వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకును ఆమెయే దానిని నడపుదురు. భర్త ఉద్యోగరీత్యా పొరుగురాష్ట్రమున నున్నారు. మూడు వారములనుండి ముందుచక్రములయొద్ద గరగరమను చప్పుడొకటి వినవచ్చుచున్నది. షెడ్డునకు తీసికొనిపోగా మెకానిక్కు వీథి చివరివరకు ఒకమారు నడపి చూచి, “బేరింగు పోయినదమ్మా” యని చెప్పి, ఎడమచక్రపు బేరింగు మార్చి సొమ్ము పుచ్చుకొనెను. చప్పుడు తగ్గలేదు. రెండవమారు పోగా, కుడివైపుది కూడ మార్చవలెననియు, పనిలోపనిగా యాక్సిళ్లు రెండును మార్చినచో నిశ్చింతగా నుండవచ్చుననియు సెలవిచ్చెనట. ఈలోపల ఇంటిల్లపాదికి తిరుమలయాత్ర నిశ్చయమైనది. “అక్కయ్యగారూ, ఈ బండితో కొండకు పోవచ్చునా? ఎవరిమాట నమ్ముదును?” అని వారి ప్రశ్న.

ఆ జాబు నడుమ, ఏమంత ముఖ్యము కానట్లు వారొక వాక్యము వ్రాసిరి. “మొదట నెలదినములు బ్రేకు తొక్కినప్పుడు మాత్రము కీచుమనెడిది; ఇప్పుడు ఆ కీచు పోయి గరగర వచ్చినది.” నేను ఈ వాక్యమును రెండుమారులు చదివితిని. ఈ సంగతి మెకానిక్కునకు చెప్పితిరా యని తిరుగుటపాలో అడిగితిని. ఆయన అడుగలేదు గనుక చెప్పలేదని జవాబు వచ్చినది. అడిగియుండవలసినది ఆయన, అయినను సొమ్మును, ప్రాణమును మనవి గనుక అడుగకున్నను చెప్పవలసినది మనము.

భారతారణ్యపర్వములోని నలోపాఖ్యానము మీ రెఱుగుదురు. ఋతుపర్ణుని రథము విదర్భానగరము ప్రవేశించునపుడు దమయంతి అచటనే యుండెను. రథమునందున్నవారిని ఆమె యింకను చూడలేదు. రథఘోష మాత్రము చెవిని పడినది. ఆ ఘోషనుబట్టియే, పగ్గములు పట్టినవాడు నలుడై యుండవలెనని ఆమె తలపోసినది. ఇందులో మహిమ యేమియు లేదు. ఆమె ఆ రథధ్వనిని అనేకదినములు విన్నది. ఏది పరిచితమో ఏది కాదో ఆమె చెవికి తెలియును. ప్రతిదినమును బండి నడపు ఇల్లాలి చెవియు నట్టిదే. వీథి చివరివరకు నడపి చూచిన మనుష్యునకు ఆ చెవి యుండదు. అతనికి చేతిపని తెలియును. మనకు బండి మామూలుగా ఎట్లు పలుకునో తెలియును. ఈ రెండును కలిసిననే రోగము బయటపడును.

అయితే చప్పుడు ఎట్లున్నదని వర్ణించుటవలన కలుగు లాభము తక్కువ. మన తెలుగునకు ధ్వన్యనుకరణపదములు కొదువ లేవు. గరగర, గురగుర, కఱకఱ, కటకట. ఒకరికి గరగర యైనది మఱియొకరికి గురగుర. ఎప్పుడు చప్పుడగుచున్నది అనునదియే అసలు ప్రశ్న. బ్రేకు నొక్కినప్పుడా? బండి వేగము హెచ్చినకొలది హెచ్చుచున్నదా? చక్రము పూర్తిగా త్రిప్పి మలుపు తిరుగునప్పుడా? లేక వేళపాళ లేక అన్నివేళలనా? ఈ నాలుగింటికి సమాధానము చీటిపై వ్రాసి షెడ్డునకు కొనిపోయిన ఇల్లాలికి సగము పని యింటియొద్దనే యైనట్లు.

ముందు బ్రేకుల మాట. నేటి కార్ల ముందుచక్రములలో చక్రముతోపాటు తిరుగు పోతయినుప పళ్లెరమొకటి యుండును. దీనిని డిస్కు అందురు. దాని కిరుప్రక్కల రెండు ప్యాడ్లుండును. ఒక్కొక్క ప్యాడు ఇనుపరేకుమీద అతికిన గట్టి దిమ్మ. మనము బ్రేకు త్రొక్కగా బ్రేకాయిలు ఒత్తిడిచేత కాలిపరు అను పనిముట్టు, పొయ్యిమీది గిన్నెను పట్టుకారు పట్టినట్లు, ఆ డిస్కును ప్యాడ్ల నడుమ బిగించిపట్టును. బండి నిలుచును, ప్రతిమారు దిమ్మ రవంత అరుగును. అరుగుటయే దాని ధర్మము. క్రొత్తదాని దిమ్మ మందము సుమారు 10 మొదలు 12 మిల్లీమీటర్లుండును. 3 మిల్లీమీటర్లకు దిగిన పిమ్మట దానిని నమ్మరాదు.

తయారుచేయువారు ఇచట ఒక చక్కని యుపాయము చేసినారు. అనేక బండ్లలో ప్యాడునకు సన్నని ఉక్కుకొక్కెమొకటి తగిలింతురు. దిమ్మ పలుచనైనంతనే ఆ కొక్కెము డిస్కును తాకి కీచుమని కూయును. అది రోగము కాదు, హెచ్చరిక. మన సోదరి నెలదినములు విన్న కీచు ఇదియే యని నా నమ్మకము. ఆ కూతను లెక్కపెట్టక నడపినచో దిమ్మ పూర్తిగా పోయి, వెనుకనున్న ఇనుపరేకు డిస్కుమీద రాపాడును. అప్పుడు వచ్చునదే గరగర. త్రొక్కుడుమెట్టునుండి పాదమునకు కూడ ఆ గరుకు తెలియును. ఇనుము ఇనుమును గీయుచుండగా డిస్కుమీద పాతకాలపు గ్రామఫోను పళ్లెముమీది గీతలవలె చాళ్లు పడును. ప్యాడ్లతో పోవలసిన ఖర్చు డిస్కులవరకు ప్రాకును. ఖర్చు మాట యటుంచి, బండి తగినంత దూరములో నిలువదు. గట్టిగా బ్రేకు వేసినపుడు బరువంతయు ముందునకు ఒరగుటచేత ఆపు పనిలో నూటికి 70 వంతులవరకు ముందుబ్రేకులే చేయును. అవి లేనినాడు వెనుకబ్రేకులు కాపాడునని తలచుట ఆశ మాత్రమే.

ఈ ప్యాడు పుట్టుకయందు స్త్రీ చేయి కలదని చెప్పిన మీకు ముచ్చటగా నుండును. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీదేశములో బెర్తా బెంజ్ అను నామె, మోటారుబండి కనిపెట్టిన తన భర్త కార్ల్ బెంజ్‌తో చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఆ బండిమీద మాన్‌హైమ్ పట్టణమునుండి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టినింటికి బయలుదేరెను. దారి నూరు కిలోమీటర్లకు పైబడినది. త్రోవలో పెట్రోలు వంటి ద్రవమును మందులదుకాణములో కొనెను. గొట్టము పూడుకొనగా టోపీకి గ్రుచ్చు సూదితో తీసెనని చెప్పుదురు. ఆ బండికి కొయ్యదిమ్మల బ్రేకులు. పల్లపుదారులలో అవి అరిగిపోయి పట్టు తప్పుచుండుట ఆమె కనిపెట్టి, ఒక చెప్పులు కుట్టువానిచేత వానిమీద తోలు కొట్టించెను. బ్రేకునకు లైనింగు వేయుట అదియే మొదలందురు. శాస్త్రజ్ఞుడగు భర్త ఇంటియొద్ద గమనింపని లోపమును ప్రయాణముచేసిన భార్య దారిలో గమనించినది.

ఆ తరువాత 1902లో ఇంగ్లండులోని లాంచెస్టరు అను ఇంజనీరు డిస్కుబ్రేకునకు పేటెంటు పొందెను. కాని లోహపు డిస్కును లోహపు దిమ్మలతోనే పట్టించుటచేత అది చెవులు చిల్లులుపడునట్లు అఱచెడిదట. రాతినార, అనగా ఆస్‌బెస్టాస్, కలిపిన లైనింగులు వచ్చినపిదపగాని ఆ యఱపు అణగలేదు. మన సోదరి బండి యిప్పుడు నూరేండ్లకు పైబడి వెనుకకు పోయి లాంచెస్టరుగారి మొదటి బండివలె పలుకుచున్నదన్నమాట. ఆ రాతినార ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని పిమ్మట తేలినది. ప్యాడ్లు ఏ సరకుతో చేసినవైనను సరే, చక్రము విప్పినచోట పిల్లలను దగ్గరకు రానీయకుడు. ఆ ధూళిని గాలితో ఊదనీయకుడు. తడిగుడ్డతో తుడిపింపుడు.

అన్ని గరగరలును ప్యాడ్లవి కావు. రాత్రి వాన కురిసి, లేక బండి కడిగి, తెల్లవారి తీసినచో మొదటి రెండుమూడు బ్రేకులకు గరగరమని పిదప మానును. డిస్కుమీద పట్టిన సన్నని త్రుప్పు అది. సముద్రపుగాలి తగులు విశాఖ, కాకినాడ వంటి యూళ్లలో ఇది మఱియు సాధారణము. దీనికై షెడ్డునకు పరుగెత్తనక్కరలేదు. జారుడునేలమీద హఠాత్తుగా త్రొక్కినపుడు కాలిక్రింద మెట్టు దడదడ కొట్టుకొని గరగరమనుట, చక్రములు జారకుండ కాపాడు ఏబీఎస్ యంత్రము పని. అప్పుడు భయపడి పాదము తీయరాదు, నొక్కియే యుంచవలెను.

బ్రేకుతో నిమిత్తము లేక, వేగము హెచ్చినకొలది హెచ్చుచు, తుమ్మెద ఝంకారమువలె మొదలై రానురాను తిరుగలి విసరునట్లు వినవచ్చునది బేరింగు. ఇరుసు చుట్టును చక్రము సుఖముగా తిరుగుటకు ఉక్కుగుండ్లు, లేక దొర్లుకఱ్ఱలవంటి ఉక్కుకడ్డీలు, కందెనలో మునిగియుండును. మన పెద్దలు ఎద్దుబండి ఇరుసునకు కందెన వేయనిదే ఊరు కదలెడివారు కారు. పాత అంబాసిడరు కార్లలో ముందుచక్రపు బేరింగులను విప్పి, కడిగి, గ్రీజు కూరి మరల బిగించెడివారు. నేటివి మూసివేసిన డబ్బీలు. మురికినీరు చొరబడి కందెన చెడినచో మార్చుటయే గాని మందు లేదు.

ఏ ప్రక్కది చెడినదో తెలిసికొనుటకు ఒక ఉపాయమున్నది. మన సోదరివలె ముందు ఎడమది, కాకున్న కుడిది అని సొమ్ము పోగొట్టుకొనువారికై దీనిని కొంచెము విడమరచి చెప్పుదును. జనసంచారము లేని వెడల్పైన దారిలో మధ్యమవేగమున పోవుచు స్టీరింగును మెల్లగా కొంచెము ఎడమకు, పిదప కొంచెము కుడికి త్రిప్పవలెను. ఎడమకు తిరుగునపుడు బండి బరువు కుడిచక్రములమీదికి ఒరగును. కావున ఎడమకు తిరిగినపుడు చప్పుడు హెచ్చినచో అనుమానము కుడి బేరింగుమీద. కుడికి తిరిగినపుడు హెచ్చినచో ఎడమది. బస్సులో మలుపు తిరుగునపుడు మనము ఏ వైపునకు ఒరుగుదుమో జ్ఞాపకము చేసికొన్నచో ఈ లెక్క మరవరు. చప్పుడు ఇంజనుదా చక్రముదా యని సందేహము కలిగినచో ఆక్సిలరేటరుమీద పాదము తీసి చూడుడు. ఇంజను స్వరము తగ్గినను ఆ మ్రోత వేగమునే అనుసరించి యుండినచో అది చక్రమునదే. ఇట్టి పరీక్షకై నడచు బండిలో ఇంజను ఆపు దుస్సాహసము మాత్రము ఎన్నడును చేయకుడు. స్టీరింగు బిగిసిపోవచ్చును; బ్రేకు గట్టిపడును.

ఇంత చెప్పినను టైర్లు అసమముగా అరిగినపుడు వచ్చు మ్రోత బేరింగు మ్రోతను చాల పోలియుండును. మంచి పనివాడు టైర్లను ముందువి వెనుకకు మార్చి చూచి, మ్రోత వానివెంట పోయినదో లేదో తెలిసికొనును. చెడిన బేరింగును ఉపేక్షించుట మంచిది కాదు. చక్రము ఊగులాడ నారంభించినతరువాత అడుగైనను నడపరాదు.

మలుపు తిరుగునపుడు మాత్రము, ముఖ్యముగా స్టీరింగు పూర్తిగా త్రిప్పి సందులోనుండి బయటికి తీయునపుడు, టకటకమని లెక్కపెట్టదగినట్లు కొట్టుకొనునది యాక్సిలు చివరి కీలు. ముందుచక్రములు బండిని లాగు పద్ధతికి ఈ కీళ్లు ప్రాణము. మనదేశమున ఆ పద్ధతిని ఇంటింటికి తెచ్చినది 1983లో వచ్చిన మారుతి 800. అంబాసిడరులో వెనుకచక్రములే బండిని త్రోసెడివి గనుక ఈ బాధ దాని ముందుచక్రములకు లేదు. కీలునకు మడతలు మడతలుగానున్న నల్లని రబ్బరు తొడుగుండును, బూటు అందురు. అది చినిగినచో గ్రీజు కారిపోయి ఇసుక చేరును. చక్రము లోపలివైపున నల్లని గ్రీజు చిందియున్నదేమో వంగి చూచిన మనకే కనబడును. తొలుతనే చూచినచో తొడుగు మార్చి గ్రీజు నింపిన సరిపోవును. కీలు కొట్టుకొనుచున్నదన్నచో కాలము మించినది. మన సోదరి జాబులో టకటక లేదు, మలుపు లేదు, గ్రీజు లేదు. యాక్సిళ్లు రెండును మార్చవలెనన్న మాటకు ఆధారమేమో నాకు బోధపడలేదు.

ఇక నవ్వు పుట్టించునదొకటి కలదు. డిస్కు వెనుక పలుచని రేకుకవచముండును. దానికిని డిస్కునకును నడుమ చిన్న కంకరరాయి చిక్కుకొన్నచో బండి అన్నివేళలను, బ్రేకు త్రొక్కినను త్రొక్కకున్నను, ప్రపంచమంతయు మునిగిపోవుచున్నట్లు ఘోరముగా గీచును. కొన్నిసార్లు నాలుగడుగులు వెనుకకు నడపిన రాయి తనంత తానే పడిపోవును. లేకున్న చక్రము విప్పి తీయవలసినదే. రేకు వంగియున్నచో వేళ్లతో సరిచేయవచ్చును. క్రొత్తగా కంకర పోసిన దారిని పోయివచ్చినపిమ్మట హఠాత్తుగా పుట్టిన గరగరకు ముందుగా దీనిని తలచుకొనుడు.

కాలిపరు పట్టుకొనిపోవుట యను మఱియొక జాడ్యము కలదు. పట్టిన పట్టు విడువదు. బండి ఒక ప్రక్కకు లాగును. దిగిన పిదప ఒక చక్రమునుండి కాలిన వాసన వచ్చును. చేతిని చక్రము సమీపమున పెట్టి వేడి చూడుడు గాని డిస్కును తాకకుడు, చేయి కాలును. ఒక ప్రక్క ప్యాడ్లు రెండవప్రక్కవానికంటె మిక్కిలి త్వరగా అరిగియున్నచో దీనినే అనుమానింపవలెను. ప్యాడ్లు మాత్రము మార్చి కాలిపరు నట్లే విడిచినచో ఆ క్రొత్తవియు కొలదికాలములోనే పోవును.

తిరుమల మాటకు వత్తము. ఎక్కుటకంటె దిగుటలోనే అపాయమెక్కువ. ఘాటురోడ్డున మలుపుమీద మలుపు. బండిబరువంతయు పల్లమునకు లాగుచుండ, ఆ వేగమును అణచుటవలన పుట్టు వేడి యంతయు డిస్కులు భరింపవలెను. ప్యాడ్లు బాగుగానున్న బండిలోనే, ఎక్కునపుడు వేసిన చిన్నగేరులోనే దిగుచు, బ్రేకును విడిచివిడిచి వాడవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. వేడి మితిమీరినచో బ్రేకాయిలు మరగి ఆవిరియగును. అప్పుడు మెట్టు మెత్తబడి అడుగంటును. పాతబడిన బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకొనుటచేత మఱింత త్వరగా మరగును. ఇనుపరేకులు రాచుకొను బండిలో పిల్లలను, పెద్దావిడను కూర్చుండబెట్టుకొని ఆ దారిని దిగుదునా యన్న ప్రశ్నకు నా సమాధానము, వలదు. ఆ సోదరికి టపాలో కాక ఫోనులోనే ఈ మాట చెప్పితిని. బండిని కొండకు కాదుగదా, బడికికూడ తీయవలదనియు, మెకానిక్కునే ఇంటికి పిలిపింపుమనియు చెప్పితిని.

ఆయనతో ఏమి చెప్పవలెనో కూడ వ్రాసి పంపితిని. “మార్చుము” అని కాదు, “చక్రము విప్పి చూపుము” అని అడుగవలెను. రెండు ముందుచక్రములను విప్పింపుడు. లోపలివైపు ప్యాడు వెలుపలిదానికంటె ముందుగా అరుగుట తఱచు. బయటనుండి సందులగుండ చూచి “ఇంకను ఉన్నదమ్మా” యనుట చాలదు. ప్యాడ్లు ఎప్పుడును ఇరుప్రక్కలవి కలిపియే మార్చవలెను. ఒక ప్రక్కవి మాత్రము మార్చిన బండి ప్రక్కకు లాగును. డిస్కునకు ఉండవలసిన కనీసపు మందము సామాన్యముగా దానిమీదనే చెక్కియుండును. కొలిపించి, అంతకు తక్కువైనచో డిస్కులు కూడ మార్పింపుడు, సరిపోయినచో లేతు పట్టించినను చాలును. ఎవరైనను జాకీ ఒక్కదానినే నమ్మి బండిక్రింద దూరుచున్నచో వారింపుడు. చదునైన నేల, వెనుకచక్రములకు రాళ్లు, హాండుబ్రేకు ఉండవలెను. తీసిన పాతసామానులు మీచేతికి ఇమ్మని ముందే చెప్పుడు. ఈ ఒక్కమాటతో అనవసరపు మార్పులు అనేకము తమంత తామే ఆగుట నేనెఱుగుదును.

మొన్న ఆమెనుండి జవాబు వచ్చినది. కుడిచక్రపు లోపలిప్యాడునకు దిమ్మ బొత్తిగా లేదట. డిస్కుమీద వ్రేలు దిగునంత చాలు. యాక్సిళ్ల ప్రస్తావన మరల రాలేదు. ప్యాడ్లు, డిస్కులు మార్చినారు, బ్రేకాయిలు క్రొత్తది పోసినారు. యాత్ర పదునైదు దినములు వాయిదా పడినది.

క్రొత్త ప్యాడ్లు వేయించుకొన్నవారు మఱియొక సంగతి గుర్తుంచుకొనవలెను. వానిని అమర్చునపుడు కాలిపరులోని ముషలమును వెనుకకు నెట్టుదురు. కావున పని ముగిసినపిమ్మట మొదటిమారు త్రొక్కిన బ్రేకు ఊరక అడుగువరకు దిగిపోవును, బండి నిలువదు. ఇంజను పెట్టి, గేరు వేయకముందే, మెట్టు గట్టిపడువరకు నాలుగైదుమారులు త్రొక్కి, పిదపనే బండి కదలింపవలెను. మొదటి రెండుమూడువందల కిలోమీటర్లు గట్టి బ్రేకు వేయవలసిన అవసరము రాకుండ నెమ్మదిగా నడపుడు. ప్యాడును డిస్కును ఒకదానికొకటి ఒదుగుటకు ఆ మాత్రము వ్యవధి కావలెను. ఆ దినములలో కొంచెము వాసన వచ్చినను కంగారు పడనక్కరలేదు.